కంప్యూటరు నిద్రలేచు వేళ



అమ్రాబాదు పీఠభూమిమీద తొలకరి గాలివానలు ఎట్లుండునో ఆ ప్రాంతపువారికి నేను వేరుగ చెప్పనక్కర లేదు. అట్టి యొక జూన్ నెల మధ్యాహ్నమున, అచ్చట దరఖాస్తులు నింపి పంపు ఒక చిన్న దుకాణములో నేను కూర్చుండి యుంటిని. దుకాణము నడుపు యువకుడు నా మిత్రుని కుమారుడు. బల్లమీద ఒకే కంప్యూటరు. అది అప్పటికే ఏడెనిమిదేండ్ల పాతది. ఎదుట నలుగురు వేచియుండిరి. వారిలో పదరకు పోవలసిన వృద్ధుడొకడు. కళాశాల ప్రవేశమునకు ఆనాడే దరఖాస్తు పంపవలసిన బాలిక యొకతె. గాలి విసరినది, కరెంటు పోయినది. పది నిమిషములకు తిరిగి వచ్చినది. యువకుడు మీట నొక్కెను. తెర వెలిగినది గాని పని మొదలు కాలేదు. తెరమీద చిన్న చక్రము తిరుగుచునే యున్నది. పెట్టె లోపలినుండి కటకటమను సన్నని చప్పుడు వినవచ్చుచున్నది.

"ఏం బిడ్డా, నీ పెట్టె ఇంకా లేవలేదా?" అని వృద్ధు డడిగెను.

"లేస్తది తాతా, జర ఆగు" అని యువకుడు బదులు చెప్పెను.

నా చేతి గడియారము ప్రకారము అది లేచుటకు దాదాపు నాలుగు నిమిషములు పట్టినది. గంట తిరుగకుండ కరెంటు మరల పోయినది. మరల నాలుగు నిమిషములు. బాలిక దరఖాస్తు ఎట్లో సాయంకాలమునకు వెళ్లినది. వృద్ధుని బస్సు మాత్రము తప్పిపోయినది.

ఆ రాత్రి యువకుడు తన సందేహమును నాకు చెప్పెను. కంప్యూటరు ముసలిదైనది, అప్పుచేసి యైనను క్రొత్తది కొనుమని ఒకరు చెప్పిరట. వేగము పెంచు ప్రోగ్రామును ఎక్కించిన చాలునని మరియొకరు చెప్పగా, దానిని అప్పుడే ఎక్కించినాడు కూడ, గుణము కనబడలేదు. ఇప్పుడు అప్పు చేయవలెనా, వద్దా? ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానమునే నేడు మీకు విన్నవించుచున్నాను. కంప్యూటరు ఆలస్యముగ లేచుటకు చాలవరకు కారణము దాని వార్ధక్యము కాదు. తనకు కావలసిన వస్తువులను అది తెచ్చుకొను తీరు.

కంప్యూటరునకు రెండు విధములైన నిలువలు కలవు. మొదటిది మెమరీ, దీనినే ర్యామ్ అని యందురు. లెక్కలు చేయు ప్రాసెసరు నేరుగ దీనితోనే పనిచేయును. దీని వేగము మిక్కిలి హెచ్చు. కాని కరెంటు పోగానే ఇందలి సమాచారమంతయు చెరిగిపోవును. రెండవది హార్డు డిస్కు. కరెంటు ఉన్నను లేకున్నను ఇందు వ్రాసినది నిలిచియుండును. కాని ఇందుండి తెచ్చుకొనుట ఆలస్యము. జొన్నలు గుమ్మిలో నుండును. వంట పొయ్యి దగ్గర జరుగును. గుమ్మిలో ఎంత ధాన్యమున్నను, పొయ్యి దగ్గరకు తెచ్చినగాని రొట్టె కాదు గదా! కంప్యూటరు మేలుకొనుట యన్నను ఇంతే: డిస్కులో నున్న ప్రోగ్రాములను మెమరీలోనికి తెచ్చుకొనుట.

మీట నొక్కగానే, ఒక చిప్పులో స్థిరముగ వ్రాసియుంచిన చిన్న ప్రోగ్రాము మొదట మేల్కొనును. అది మెమరీ, కీబోర్డు, డిస్కు మొదలగు అంగములు సరిగా నున్నవో లేవో చూచి, డిస్కునందలి నియమితమైన చోటినుండి మరియొక చిన్న ప్రోగ్రామును తెచ్చును. ఆ రెండవది ఆపరేటింగు సిస్టమునకు గుండెకాయ వంటి కెర్నెలును తెచ్చును. కెర్నెలు తనకు కావలసిన వందలాది ఫైళ్లను పిలిపించును. దీనికి ఇంగ్లీషులో బూటింగు అని పేరు. బూటు వెనుకనున్న తోలుపట్టీని పట్టుకొని తన్ను తానే పైకి లేపుకొనుట అను వింత ఊహనుండి ఈ పేరు పుట్టినది.

ఈ పని యిట్లు స్వయముగ జరుగుట మొదటినుండి ఉన్నది కాదు. హైదరాబాదునందలి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను 1967లో స్థాపింపబడినది. రెండేండ్లకే, 1969లో, ఆ సంస్థ టి.డి.సి. 12 అను కంప్యూటరును వెలువరించెను. ఆ తరపు చిన్న కంప్యూటర్లలో పెక్కింటిని మేలుకొలుపుటకు, ముందువైపున వరుసగా నున్న మీటలను మనిషి ఒక్కొక్కటిగ పైకి క్రిందికి త్రిప్పి, మొదటి ఆదేశములను తన చేతితోనే ఎక్కింపవలసి యుండెడిది. తక్కిన ప్రోగ్రాము రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీనుండి లోనికి వచ్చెడిది. నేడు ఆ శ్రమ తీరినది. కాని నిలువనుండి మెమరీలోనికి తెచ్చుకొను పని మాత్రము అప్పటివలెనే మిగిలియున్నది.

ఇక ఆ కటకట చప్పుడు సంగతి. హార్డు డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెములు తిరుగుచుండును. వానిమీద ఒక ముల్లు వంటిది, చదువు తల, ఇటునటు కదలుచుండును. మేజామీది కంప్యూటర్లలో సాధారణముగా వాడు డిస్కు నిమిషమునకు 7,200 చుట్లు, అనగా సెకండునకు 120 చుట్లు తిరుగును. ఒక చుట్టునకు 8 మిల్లీసెకండులకు కొంచెము పైగా పట్టును. మనకు కావలసిన భాగము చదువు తల క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా సుమారు 4 మిల్లీసెకండులు వేచియుండవలెను. తల సరియైన చోటికి జరుగుటకు మరి 8 లేక 9 మిల్లీసెకండులు. ఈ రెండును కలిపి ఒక్కొక్క రాకపోకకు సుమారు 12 మిల్లీసెకండులు. మెమరీనుండి తెచ్చుటకో, సెకండులో కోటవ వంతు చాలును. ఈ రెంటికిని గల తారతమ్యము లక్ష రెట్లకు పైమాట. మెమరీనుండి తెచ్చుటకు ఒక సెకండు పట్టునని యనుకొన్నచో, ఆ లెక్కను డిస్కునుండి తెచ్చుటకు దాదాపు ఒకటిన్నర దినము పట్టును!

మేలుకొను వేళ కంప్యూటరు నాలుగువేల చిన్న ముక్కలను డిస్కునుండి కోరినదనుకొందము. అవి డిస్కుమీద నలుదెసల చెదరియున్నచో, ఒక్కొక్క దానికొక రాకపోక చొప్పున సుమారు 50 సెకండులు గడచును. అవే ముక్కలు ఒక్కచోట వరుసగా నున్నచో? ముక్కకు 16 కిలోబైట్లు వేసికొన్నను మొత్తము 64 మెగాబైట్లే. సెకండునకు 100 మెగాబైట్లు వరుసగా చదువగల డిస్కునకు అది ఒక సెకండు పని. చూచితిరా! మోయవలసిన బరువు కొంచెము. నడచిన దూరము మాత్రము కొండంత. ఆ దుకాణములో వినవచ్చిన చప్పుడు, చదువు తల ఇటునటు పరుగెత్తు చప్పుడే.

మన్ననూరునుండి బయలుదేరు తపాలా బంట్రోతు నొకనిని ఊహింపుడు. అతని సంచిలో నాలుగు ఉత్తరములు. మొదటిది దోమలపెంటకు, రెండవది పదరకు, మూడవది వటవర్లపల్లికి, నాల్గవది అమ్రాబాదునకు. సంచిలో చేతికి వచ్చిన వరుసనే పంచుదునని అతడు పట్టుపట్టినచో ఏమగును? శ్రీశైలము దారిలో వటవర్లపల్లి మీదుగ దోమలపెంటకు పోయి, వెనుకకు వచ్చి, అమ్రాబాదు దాటి పదరకు పోయి, మరల శ్రీశైలము దారి పట్టి వటవర్లపల్లికి పోయి, కడపట మరల అమ్రాబాదునకు రావలెను! తెలిసిన బంట్రోతు అట్లు చేయడు. బయలుదేరుటకు ముందే ఉత్తరములను దారి వారీగా పేర్చుకొనును. ఒక దారిలో రెండు, రెండవ దారిలో రెండు. రెండు ప్రయాణములతో పని ముగియును. అతడు వేగముగ నడచుటచేత కాదు, ముందుగా పేర్చుకొనుటచేత త్వరగా ఇల్లు చేరును.

ఫైళ్లను ముందుగ మెమరీలోనికి తెచ్చిపెట్టు విధానములోని కీలకమిదియే. ఏ యే ఫైళ్లు కావలసివచ్చునో ముందే తెలిసికొనవలెను. వానిని డిస్కుమీది స్థానములనుబట్టి వరుసలో పెట్టవలెను. ప్రాసెసరు వేరొక పనిలో నుండగనే, అది అడుగకమునుపే, వానిని తెచ్చి మెమరీలో నుంచవలెను. తరువాత ప్రోగ్రాము "ఆ ఫైలేది?" అని యడుగు సరికి అది చేతికందు దూరములో నుండును.

అయితే ఏవి కావలసివచ్చునో ముందుగ ఎట్లు తెలియును? నిన్నటి అనుభవము వలన తెలియును. ప్రతి యేట చైత్రపూర్ణిమ వేళ నల్లమలలో సలేశ్వరము జాతర జరుగును. ఆ దారిలోని దుకాణదారులు యాత్రికులు వచ్చి యడుగువరకు ఆగుదురా? పోయిన యేటి అమ్మకమును తలచుకొని టెంకాయలు, బెల్లము, త్రాగు నీరు ముందుగనే తెప్పించి యుంచుకొందురు. కంప్యూటరు చేయునదియు నిట్టిదే. ప్రోగ్రాములు తమ మెమరీ భాగములనన్నిటిని ఒకేమారు వాడవనియు, ఏ కొద్దికాలములోనైనను ఒక చిన్న సముదాయమునే మరల మరల వాడుచుండుననియు పీటర్ డెన్నింగ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు 1968లో ప్రకటించిన వ్యాసములో ప్రతిపాదించెను. నిన్న వాడినది నేడు వాడుదురను నమ్మకమునకు ఇట్టి పునాది కలదు.

ఈ నమ్మకమును ఆచరణలో పెట్టిన వానిలో 2001లో వెలువడిన విండోస్ ఎక్స్.పి. ప్రసిద్ధము. కంప్యూటరు మేల్కొనునపుడు ఏ యే ఫైళ్లలో ఏ యే భాగములు చదువబడెనో అది ఒక చిట్టాలో వ్రాసికొనును. ప్రోగ్రాము ఏదైనను తెరచినప్పుడు మొదటి పది సెకండులలో అడిగిన వానిని గూడ అట్లే వ్రాసికొనును. ప్రీఫెచ్ అను అరలో ఈ చిట్టాలుండును. మరునాడు ఆ చిట్టాను చూచి కావలసినవానిని ముందుగనే తెచ్చుకొనును. అంతియే కాదు, తీరిక వేళ, కొన్ని దినముల కొకమారు, ఆ ఫైళ్లను డిస్కుమీద ప్రక్కప్రక్కనే సర్దుకొనును. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టాలో సూపర్‌ఫెచ్ అను సేవ చేరినది. అది ఏ వేళ ఏ ప్రోగ్రాము వాడుదురో గమనించి, ఆ వేళకు దానిని సిద్ధపరచును. లినక్సు లోకములో బెహదాద్ ఎస్ఫాబోద్ అను ఇరాను దేశపు యువకుడు 2005లో ప్రీలోడ్ అను ప్రోగ్రామును వ్రాసెను. ఒక ప్రోగ్రాము నడచుచుండగ తరువాత ఏది రాదగునో సంభావ్యతా గణితముచే ఊహించి, దాని ఫైళ్లను ముందుగ తెచ్చుట దాని పని.

ఇంతవరకు గుణములు చెప్పితిని. మితులు గూడ చెప్పవలెను.

మొదటిది: మెమరీ చిన్నదైనచో ముందుగ తెచ్చుట వలన లాభము తగ్గును, ఒక్కొక్కప్పుడు నష్టమే కలుగును. గుడిసె నిండ టెంకాయలు పోసినచో మనిషి నిలుచుటకు చోటుండదు. తెచ్చిన ఫైలును వాడకమునుపే త్రోసివేయవలసి వచ్చును. దానిని తెచ్చిన శ్రమయు వ్యర్థము, దారిలో డిస్కును ఆటంకపరచుటయు అదనము. అట్లని మెమరీ ఎల్లప్పుడు ఖాళీగా నుండవలెనను భ్రమ గూడ కూడదు. ఖాళీ మెమరీ పనికిరాని మెమరీ. చోటు చాలినంత కాలము అందులో రేపటి ఫైళ్లుండుట మంచిదే. ప్రోగ్రామునకు స్థలము కావలసినప్పుడు సిస్టము వానిని వెంటనే వదలివేయును.

రెండవది: ఈ విధానము నడకను తగ్గించును గాని పనిని తగ్గింపదు. 2008లో అర్జాన్ వాన్ డి వెన్, ఔకే కోక్ అను ఇంటెల్ ఇంజినీర్లు ఇద్దరు, ఒక చవుక చిన్న లాప్‌టాపు 5 సెకండులలో లినక్సుతో మేల్కొనునట్లు చేసి చూపిరి. వారు ఫైళ్లను ముందుగ తెచ్చుటయే గాక, అనవసరపు పనులనెల్ల నిర్దాక్షిణ్యముగ తీసివేసిరి. తెచ్చుకొనుటలో నేర్పు సగము. అక్కరలేనిదానిని తేకుండుట తక్కిన సగము.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. నేడు హార్డు డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. అను నిలువ వాడుకలోనికి వచ్చినది. దానిలో తిరుగు పళ్లెము లేదు, పరుగెత్తు తల లేదు. ముక్కలు ఎచ్చట నున్నను సెకండులో పదివేలవ వంతు ప్రాంతమున తెచ్చి యిచ్చును. డిస్కు రాకపోకతో పోల్చిన వంద రెట్లకు పైగా వేగము. రాకపోకల బాధయే తగ్గినప్పుడు వరుసలో పేర్చుకొను శ్రమకు అంత ప్రయోజన ముండదు. అందుచేతనే లినక్సును మేలుకొలుపు సిస్టమ్‌డి అను వ్యవస్థనుండి, ముందుగ చదువు భాగమును 2014లో తొలగించిరి. రోగము పోయిన తరువాత మందు మానుట న్యాయమే గదా.

ఇక అమ్రాబాదు దుకాణమునకు వత్తము. మరునాటి ఉదయము మే మిద్దరమును ఆ కంప్యూటరు ముందు కూర్చుంటిమి. అది పాత హార్డు డిస్కు గలది. మెమరీ 4 గిగాబైట్లు. గొప్పది కాదు గాని చాలకపోనిది కాదు. మేల్కొను వేళ తమంత తామే లేచు ప్రోగ్రాములను లెక్కించితిమి, పదునొకండు తేలినవి. అతని పనికి కావలసినవి మూడు. తక్కినవానిని ఆపితిమి.

తరువాత నొక చిత్రము బయటపడినది. వేగము పెంచునని అతడు ఎక్కించిన ఆ ప్రోగ్రాము, ప్రతి ఉదయము "చెత్త తుడుచుచున్నాను" అని చెప్పి, ప్రీఫెచ్ అరలోని చిట్టాలను గూడ తుడిచివేయుచున్నది! పాపము, కంప్యూటరు ప్రతిదినము నేర్చుకొన్న పాఠము నాడే మరచిపోయి, మరునాడు మొదటి దినపు విద్యార్థివలె లేచుచున్నది. పోయిన యేటి ఖాతాపుస్తకమును చింపివేసి జాతరకు సరుకు తెప్పించిన దుకాణదారు గతి యిట్లే యుండును. ఆ ప్రోగ్రామును తీసివేసితిమి. చిట్టాలు తిరిగి ఏర్పడుటకు నాలుగైదు మార్లు కంప్యూటరును వేసి ఆర్పితిమి. నాలుగు నిమిషముల మేలుకొలుపు రెండుంబావు నిమిషములకు దిగినది. పైసా ఖర్చు లేదు.

నెల గడచిన పిదప అతడు, క్రొత్త కంప్యూటరు వెలలో చిన్న వంతు పెట్టి, ఒక ఎస్.ఎస్.డి. కొని పాత డిస్కు స్థానములో వేయించెను. అప్పుడు అదే ముసలి కంప్యూటరు నలుబది సెకండులలోపల లేచి కూర్చుండెను. తరువాత కరెంటు పోయినను కొంతసేపు నడపు బ్యాటరీ పెట్టె నొకదానిని గూడ అమర్చుకొనెను. మేల్కొలుపు ఎంత త్వరగా జరిగినను, అకారణముగ నిద్రపోకుండుట అంతకంటె మేలు కదా. అప్పు మాట మరల రాలేదు.

శ్రోతలలో పాత కంప్యూటర్లు గల పాఠశాలలవారును, చిన్న దుకాణములవారును ఉందురు. వారికి నా మనవి యిది. ఆలస్యము చూచి యంత్రమును పారవేయుటకు మునుపు మూడు ప్రశ్నలు వేసికొనుడు. లోపల నున్నది తిరుగు డిస్కా, ఎస్.ఎస్.డి.యా? మెమరీ చాలినంత కలదా? మేల్కొను వేళ అక్కరలేని ప్రోగ్రాములెన్ని లేచుచున్నవి? తిరుగు డిస్కైనచో ప్రీఫెచ్ అరను తుడువకుడు. ఆ సేవ నడచుచున్నచో నడువనిండు. అద్భుతముగ వేగము పెంతునని పలుకు ప్రోగ్రాములకు సొమ్ము చెల్లింపకుడు. విండోస్ 8 వచ్చిన 2012 తరువాతి సిస్టములలో ఇంకొక సంగతి గలదు: ఆర్పునపుడు కెర్నెలు స్థితిని డిస్కుమీద భద్రపరచి, మరునాడు దానినే తిరిగి తెచ్చుకొనును. కనుక ఏదైన చిక్కు వచ్చినపుడు ఆర్పి వేయుట చాలదు. రీస్టార్ట్ అను దానినే ఎన్నుకొనవలెను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. అంతమాత్రముచేత పాత యంత్రములన్నియు చెత్తకుప్పకు పోవలసిన పని లేదు. బరువు తక్కువగల లినక్సు సిస్టములు కలవు. తెలుగులోనే పనిచేయు సిస్టమును హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు రూపొందించి యున్నారు. మీ పనికి కావలసిన ప్రోగ్రాములు వానిలో నడచునో లేదో ముందు విచారించి, ఆ తరువాత నిర్ణయించుకొనుడు.

నాలుగు నిమిషము లనగా ఎంత, అని కొందరు నవ్వవచ్చును. బల్లకు ఇవతల కూర్చున్నవానికి అది నాలుగు నిమిషములే. బల్లకు అవతల నిలుచున్న నలుగురికి కలిపి అది పదునారు నిమిషములు. బస్సు తప్పినవానికి ఒక రాత్రి. గడువు తప్పిన బాలికకు ఒక సంవత్సరము. రేపు వచ్చువారికి ఏమి కావలెనో నేడే తలచుకొని సిద్ధముగ నుంచుట మన పెద్దలకు తెలిసిన మర్యాదయే. ఆ మర్యాదను యంత్రమునకును నేర్పవచ్చును. నేర్చినదానిని మనము తుడిచివేయకుండిన చాలును.

సెలవు.